టూ వీల్ డ్రైవ్ పికప్‌కు లిఫ్ట్ కిట్: టకోమా ప్రీరన్నర్‌పై రెండేళ్ళ వాడకం

టెక్సస్‌లో లానో పట్టణానికి అవతల మాకు పదకొండు ఎకరాల చెలక ఉంది. తారురోడ్డు దిగిన దగ్గరి నుంచి మా గేటు దాకా రెండు మైళ్ళ గులకబాట, మధ్యలో వంతెన లేని వాగు, ఆ వాగుకు అడ్డంగా ఒక కాంక్రీటు కాజ్‌వే ఉన్నాయి. గట్టి వాన పడిన ప్రతిసారీ కాజ్‌వే అంచు దగ్గర మట్టి కోసుకుపోయి జానెడు లోతున మెట్టులా తయారవుతుంది. ఆ మెట్టు దిగేటప్పుడల్లా మా 2012 టయోటా టకోమా ప్రీరన్నర్ ముందు బంపర్ కింది ప్లాస్టిక్ అంచు నేలకు రాసుకునేది; చివరికి ఒకరోజు ఊడి చేతికొచ్చింది. బండిని రెండంగుళాలు పైకి లేపించాలన్న ఆలోచన అక్కడ మొదలైంది. మొదట కొన్న చవక కిట్‌ను ఎందుకు తీసేయవలసి వచ్చిందో, దాని స్థానంలో వేయించిన ఓల్డ్ మ్యాన్ ఎము కిట్ రెండేళ్ళలో ఇరవై ఆరు వేల మైళ్ళు ఎలా పనిచేసిందో, వెనుక చక్రాలు రెండే లాగే టూ వీల్ డ్రైవ్ పికప్ ఉన్నవారు డబ్బు కట్టే ముందు ఏమేమి చూసుకోవాలో ఈ సమీక్షలో చెబుతాను.

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది మీ బండి ముందు భాగం ఏ రకానిదో. కిట్ పెట్టె మీద టూ వీల్ డ్రైవ్ అని రాసి ఉన్నంత మాత్రాన అది మీ బండికి సరిపోతుందని అనుకోకూడదు, ఎందుకంటే ఆ పేరు కింద ఒకదానితో ఒకటి పొంతన లేని నిర్మాణాలు చాలా ఉన్నాయి. 2005 నుంచి 2015 వరకు వచ్చిన టకోమాలోనే రెండు రకాలున్నాయి. ప్రీరన్నర్ అనేది నాలుగు చక్రాలూ లాగే ఫోర్ బై ఫోర్ టకోమా ఎత్తుతో, ఆరు బోల్టుల చక్రాలతో వచ్చిన బండి. దానికి లేనివి ముందు చక్రాలకు శక్తి చేరవేసే భాగాలే, ముఖ్యంగా ముందు డిఫరెన్షియల్ (శక్తిని రెండు పక్కల చక్రాలకు పంచే గేర్ల పెట్టె), ముందు చక్రాలను తిప్పే యాక్సిళ్ళు. అదే కాలపు మామూలు టూ వీల్ డ్రైవ్ టకోమా ఐదు బోల్టుల చక్రాలతో, నేలకు బాగా దగ్గరగా ఉండే బండి. ప్రీరన్నర్ కిట్ దానికి పట్టదు. కాబట్టి కేటలాగ్ తెరవకముందే చక్రానికి నట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. అర నిమిషం పని, వందల డాలర్లు మిగులుతాయి.

మిగతా పికప్‌లలో తేడాలు ఇంకా ఎక్కువ. 1996 వరకు వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150 టూ వీల్ డ్రైవ్‌లో ముందు చక్రాలను ట్విన్ ఐ బీమ్ అనే రెండు పొడవాటి ఇనుప దూలాలు మోస్తాయి. పొడవు స్ప్రింగులు మాత్రం వేసి వదిలేస్తే చక్రాల పైభాగాలు బయటికి వాలిపోయి టైర్ల ఒక అంచు అరిగిపోతుంది, అందువల్ల ఆ దూలాలు తిరిగే చోటును కూడా కిందికి దించే బ్రాకెట్లు తప్పనిసరి. ఫోర్డ్ రేంజర్‌లో 1997 వరకు ఇదే పద్ధతి. 1998 నుంచి మామూలు టూ వీల్ డ్రైవ్ రేంజర్‌కు కాయిల్ స్ప్రింగులు, ఫోర్ బై ఫోర్‌కు టార్షన్ బార్‌లు (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) వచ్చాయి. అయితే ఎడ్జ్ అనే మోడల్ టూ వీల్ డ్రైవ్ అయినా టార్షన్ బార్ బండే, కాబట్టి దానికి ఫోర్ బై ఫోర్ కిట్టే చూడాలి. 1988 నుంచి 1998 వరకు వచ్చిన షెవర్లే సగం టన్ను పికప్‌లలో కూడా ఫోర్ బై ఫోర్‌కు టార్షన్ బార్, టూ వీల్ డ్రైవ్‌కు కాయిల్. ఆ కాయిల్ బండ్లకు దొరికే లిఫ్ట్ స్పిండిల్ నాకు బాగా నచ్చిన ఆలోచన. చక్రం బిగించే ఇరుసును కొంచెం కిందికి మార్చి పోతపోసిన స్పిండిల్ అది. చక్రాన్ని ఫ్రేముకు పైనా కిందా కలిపే ఆర్ములు కంపెనీ పెట్టిన కోణంలోనే ఉండిపోతాయి గనుక నడకలో తేడా రాదు. ముందు చక్రాలను తిప్పే యాక్సిల్ అడ్డు లేకపోవడం వల్లే ఇది సాధ్యమైంది. టూ వీల్ డ్రైవ్ బండికి దక్కిన నిజమైన సౌలభ్యం ఇది. టకోమాకు కూడా ఇలాంటిది ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

యాక్సిళ్ళు లేకపోవడం వల్ల మనకు అక్కర్లేనివీ కొన్ని ఉన్నాయి. ఫోర్ బై ఫోర్‌ను లేపినప్పుడు ముందు యాక్సిళ్ళ కోణం పెరగకుండా డిఫరెన్షియల్‌ను కిందికి దించే స్పేసర్లు వేస్తారు. మొదటిసారి నేను ధర అడిగిన గ్యారేజీలో ఇచ్చిన అంచనా చీటీలో ఆ స్పేసర్లకు ఎనభై డాలర్లు వేశారు. ముందు డిఫరెన్షియలే లేని బండికి అది ఎందుకని అడిగితే, అన్ని టకోమాలకూ ఒకే చీటీ ఇస్తామన్నారు. చీటీలో ప్రతి వరుసా చదవండి.

లిఫ్ట్ కిట్ చేయలేని పని ఏమిటో కూడా చెప్పాలి, ఎందుకంటే దీని విషయంలో అపోహ ఎక్కువ. కిట్ లేపేది ఫ్రేమును, బాడీని, బంపర్లను. వెనుక యాక్సిల్ మధ్యలో గుండ్రంగా వేలాడే డిఫరెన్షియల్ ఉన్నచోటే ఉంటుంది. ఆరంగుళాల కిట్ వేసినా అది వెంట్రుకవాసి కూడా లేవదు. దానిని లేపేవి టైర్లు మాత్రమే, అదీ పెరిగిన వ్యాసంలో సగం మేరకు. మా బండికి కంపెనీ ఇచ్చిన 245/75 ఆర్16 టైర్ల వ్యాసం సుమారు 774 మిల్లీమీటర్లు, ఇప్పుడున్న 265/75 ఆర్16 టైర్లది సుమారు 804. అంటే డిఫరెన్షియల్ కింద నాకు కలిసొచ్చింది 15 మిల్లీమీటర్లు. బురదలో పట్టు విషయం కూడా ఇంతే. వెనుక చక్రాలు రెండే లాగుతాయి, ఖాళీ పికప్‌లో బరువు ఎక్కువగా ముందే ఉంటుంది, తడి నేల మీద ఎత్తు వల్ల ఒరిగేదేమీ లేదు. మంచి ఆల్ టెరైన్ టైర్లు, ట్రక్కు బెడ్‌లో యాక్సిల్‌కు సరిగ్గా పైన నాలుగైదు ఇసుక బస్తాలు, వీలైతే వెనుక చక్రాలు రెండూ కలిసి తిరిగేలా బిగించే లాకింగ్ డిఫరెన్షియల్ (లాకర్) ఇచ్చే పట్టును ఏ లిఫ్ట్ కిట్టూ ఇవ్వదు. ప్రీరన్నర్ టీఆర్‌డీ ఆఫ్ రోడ్ ప్యాకేజీలో ఆ లాకర్ కంపెనీ నుంచే వచ్చేది. వాడిన బండి కొనేవారు లిఫ్ట్ వేసిన మామూలు బండి కంటే లాకర్ ఉన్న బండిని వెతుక్కోవడం మేలు. మా బండికి లాకర్ లేదు. బంపర్ తగలకుండా ఉండటానికి మాత్రమే నాకు ఎత్తు కావలసి వచ్చింది, ఆ పనికి రెండంగుళాలు చాలు.

ఇప్పుడు మొదటి కిట్ సంగతి. దాని పేరు ఇక్కడ అనవసరం; అలాంటివి పదిమంది తయారుచేస్తారు, అన్నీ ఒకే సూత్రం మీద నడుస్తాయి. ముందు స్ట్రట్ (స్ప్రింగు, షాక్ కలిసిన భాగం) తలకూ ఫ్రేముకూ మధ్య పెట్టే అల్యూమినియం బిళ్ళలు రెండు, వెనుక స్ప్రింగులుగా ఉండే కమాను పట్టీలకూ యాక్సిల్‌కూ మధ్య పెట్టే ఇనుప దిమ్మెలు రెండు. స్ట్రట్ కింది కొస ఆర్ము మధ్యలో కూర్చుంటుంది గనుక పైన అంగుళంపావు బిళ్ళ పెడితే చక్రం దగ్గర దాదాపు రెండున్నర అంగుళాల ఎత్తు వస్తుంది. స్ప్రింగు మారదు, షాక్ అబ్సార్బర్ మారదు, ధర రెండు వందల డాలర్ల లోపే. తొలి వారం నేను చాలా సంతోషించాను.

తేడా నెల తిరక్కుండానే తెలిసింది. చెలకల గేట్ల దగ్గర పశువులు దాటకుండా బాటకు అడ్డంగా ఇనుప కమ్మీలు పరుస్తారు. వాటి మీదుగా వెళ్ళినప్పుడు ముందు చక్రాలు కిందికి జారి, ఇక జారే చోటు లేక సుత్తితో కొట్టినట్టు చప్పుడు వచ్చేది. బిళ్ళ వల్ల స్ట్రట్ మొత్తం కిందికి దిగింది కాబట్టి చక్రం కంపెనీ అనుకున్న దానికంటే ఎక్కువగా కిందికి వేలాడుతోంది. అక్కడ పై ఆర్ము వచ్చి స్ప్రింగుకు తగులుతోంది. బండిని జాకీ మీద లేపి టార్చిలైటు వేసి చూస్తే పై ఆర్ము లోపలి అంచున వేలెడు పొడవున రంగు పోయి ఇనుము వెండిలా మెరుస్తూ కనిపించింది, ఎదురుగా ఉన్న స్ప్రింగు చుట్టు మీదా అదే పొడవున గీత. హైవే మీద డెబ్బై మైళ్ళ వేగంలో స్టీరింగ్ ఒక చోట నిలిచేది కాదు. నిమిషానికోసారి సరిదిద్దుకోవలసి వచ్చేది. కదిలే క్షణంలో బండి కింద వణుకు మొదలైంది. ఇవి ఆ బిళ్ళల తయారీలో లోపాలని నేను అనను. రోడ్డు మీదే తిరిగే బండి ముక్కును అంగుళం లేపి సమం చేసుకోవాలంటే ఆ బిళ్ళలే సరిపోతాయి. రెండున్నర అంగుళాలు లేపి గుంతల్లో తిప్పడానికి మాత్రం అవి చాలవు.

రెండోసారి ఎంపికకు మూడు వారాలు తీసుకున్నాను. ఆరంగుళాల బ్రాకెట్ కిట్లను మొదటి రోజే పక్కన పెట్టేశాను. వాటికి ఫ్రేము కింద అడ్డదూలాలు కోయాలి, పెద్ద టైర్లు వేయాలి, బండి గురుత్వ కేంద్రం పైకి పోయి మలుపుల్లో ఒరుగుతుంది, నగరంలో పార్కింగ్ కట్టడాల కప్పులు తగులుతాయి. రెండంగుళాలకే, ఊరి నుంచి వచ్చిన మా అమ్మ బండెక్కడానికి పీట వేయమంది.

మిగిలినవి రెండు. బిల్‌స్టైన్ 5100 షాక్‌లు చాలామందికి మొదటి ఎంపిక, అందుకు కారణమూ ఉంది. లోపల ఒకే గొట్టం ఉండే గ్యాస్ షాక్ అది; బయటి ఒంటి మీద చెక్కిన గాడుల్లో ఒక రింగును పైకి జరిపి పెడితే, కంపెనీ స్ప్రింగునే మరికాస్త ముందుగా నొక్కి ఉంచి బండిని లేపుతుంది. బిళ్ళ కంటే ఎన్నో రెట్లు మెరుగు. అయితే ఆ ఎత్తు మార్చాలంటే ప్రతిసారీ స్ట్రట్‌ను పూర్తిగా విప్పాలి; అన్నిటికంటే పై గాడిలో పెడితే చక్రం కిందికి జారడానికి మిగిలే చోటు తగ్గుతుంది. అంగుళంన్నర వరకు లేపుకునేవారికి, ఖాళీగా తిప్పుకునేవారికి నేను నిస్సంకోచంగా ఇదే చెబుతాను.

ఆస్ట్రేలియా కంపెనీ ఏఆర్‌బీ అమ్మే ఓల్డ్ మ్యాన్ ఎము వైపు నన్ను తిప్పింది ఒక్క ప్రశ్న. ఎంత ఎత్తు కావాలని అడగరు, బండి మీద ఎంత బరువుంటుందని అడుగుతారు. ముందు ఇనుప బంపర్ ఉందా, ఇరుక్కున్న బండిని తాడుతో లాగే వించ్ ఉందా, వెనుక ఎప్పుడూ మోసే బరువెంత అన్నదాన్ని బట్టి స్ప్రింగు మారుతుంది. ఎత్తు ఆ స్ప్రింగు నుంచి వస్తుంది. టూ వీల్ డ్రైవ్ వారు ఇక్కడ జాగ్రత్తపడాలి. ముందు డిఫరెన్షియల్, యాక్సిళ్ళు లేనందున మన బండి ముక్కు ఫోర్ బై ఫోర్ కంటే తేలిక, కాబట్టి దానికోసం రాసిన స్ప్రింగు వేస్తే మన బండి అనుకున్నదానికంటే ఎక్కువ లేచి, బిగుసుకుపోయినట్టు నడుస్తుంది. బంపర్ మార్చని బండికిచ్చే తేలిక స్ప్రింగులు ముందుకు, మేత బస్తాలు మోస్తాను గనుక మధ్యస్థ బరువుకు చేసిన పూర్తి కమాను కట్టలు వెనుకకు తీసుకున్నాను. దిమ్మెలు తీసేశాను. పాత కట్టలోకి ఒక పట్టీ అదనంగా చొప్పించే చవక పద్ధతి కూడా ఉంది కానీ, అలసిపోయిన పట్టీల మధ్య కొత్త పట్టీ పెడితే బరువంతా దాని మీదే పడుతుంది.

కమాను పట్టీల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక ముఖ్య విషయం. 2005 నుంచి 2011 వరకు వచ్చిన టకోమా ఫోర్ బై ఫోర్, ప్రీరన్నర్ బండ్లను వెనుక పట్టీలు విరిగే ప్రమాదం ఉందని టయోటా 2014లో వెనక్కి పిలిచింది. అవి దాదాపు 6,90,000 బండ్లు. ఆ ఏళ్ళ బండి కొన్నవారు ఆ మరమ్మతు జరిగిందో లేదో బండి నంబరుతో చూసుకున్నాకే లిఫ్ట్ మాట ఎత్తాలి. నాది 2012 బండి కావడంతో ఆ పిలుపు వర్తించలేదు.

బిగించే పనిని నేను చేయలేదు, మీరూ ఇంట్లో చేయవద్దు. నొక్కిపెట్టిన కాయిల్ స్ప్రింగు చేతిలోంచి జారితే ప్రాణానికే ముప్పు. సొంతంగా బిగించుకోవాలనుకునేవారు స్ప్రింగు, షాక్ కలిపి ముందే కూర్చిన స్ట్రట్‌లు తెప్పించుకోవాలి. కిట్‌కు 1,180 డాలర్లు, కూలికి 650 అయ్యాయి. మా మెకానిక్ పనిలో నేను గమనించినవి రెండు. యాక్సిల్‌ను పట్టీలకు బిగించే యు బోల్టులు పాతవి మళ్ళీ వాడలేదు; ఒకసారి సాగిన బోల్టు రెండోసారి అదే పట్టు ఇవ్వదన్నాడు. ఇక ఆర్ముల, పట్టీల బుష్ బోల్టులన్నీ చేత్తో ఆనించి వదిలేసి, బండిని నేల మీదికి దించి, దాని బరువు చక్రాల మీద పడ్డాకే గట్టిగా బిగించాడు. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్‌లు మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోయి ఏడాదిలో చిరిగిపోతాయి. ఏ గ్యారేజీని ఎంచుకోవాలో తెలియకపోతే, ఈ బోల్టులు ఎప్పుడు బిగిస్తారని అడగండి. జవాబులోనే వారి పనితనం తెలిసిపోతుంది.

టకోమా ఎడమవైపు కొంచెం ఒరుగుతుందని వాడేవారందరికీ తెలుసు. డ్రైవరూ పెట్రోల్ ట్యాంకూ అటే ఉంటారు. లిఫ్ట్ వేశాక ఆ వాలు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఎడమ స్ట్రట్ మీద పావు అంగుళం బిళ్ళ వేయించి దాన్ని సరిచేయించాను.

తర్వాతది చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్, నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో గుండెకాయ లాంటిది. సైకిల్ ముందు ఫోర్కు నిటారుగా కాకుండా వెనక్కి వాలి ఉంటుంది, అందుకే చేతులు వదిలేసినా చక్రం తిన్నగా పోతుంది. కారులో ఆ వాలును క్యాస్టర్ అంటారు. బండిని లేపితే క్యాస్టర్ తగ్గిపోతుంది, అప్పుడు స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాదు. బిళ్ళలు వేసినప్పుడు నా క్యాస్టర్ ఎడమ 1.2 డిగ్రీలు, కుడి 1.6 మాత్రమే ఉంది; హైవే మీద ఊగిసలాటకు కారణం అదే. ఈసారి చక్రం వైపు కీలైన బాల్ జాయింట్‌ను ముందుకూ వెనక్కూ జరుపుకోగల ఎస్‌పీసీ కంపెనీ పై ఆర్ములు వేయించాను. వాటికి ఆరు వందల పైచిలుకు అయింది, ఇంట్లో ఆ లెక్క చెప్పడానికి కొంత తటపటాయించాను. ఇప్పుడు రెండు పక్కలా 3.4 డిగ్రీలు, స్ప్రింగుకు ఆర్ము తగలడం లేదు. అలైన్‌మెంట్ చేసిన చోట అచ్చు కాగితం తప్పకుండా తీసుకోండి. ఆకుపచ్చ రంగులో సరే అని చూపినంత మాత్రాన సరిపోదు, క్యాస్టర్ అంకె చదవాలి.

కదిలేటప్పటి వణుకు కథ వేరు. మాలాంటి నాలుగు తలుపుల డబుల్ క్యాబ్ బండిలో, శక్తిని వెనుక యాక్సిల్‌కు చేరవేసే డ్రైవ్ షాఫ్ట్ రెండు ముక్కలు, మధ్యలో ఒక బేరింగ్ ఫ్రేముకు వేలాడుతుంది. వెనుక లేపినప్పుడు షాఫ్ట్ కోణం మారి ఆ వణుకు పుడుతుంది. బేరింగ్‌ను అర అంగుళం దించే చిన్న స్పేసర్లతో అది పూర్తిగా పోయింది.

హెడ్‌లైట్ల మాట చాలామంది మరిచిపోతారు. లిఫ్ట్‌కు ముందు రాత్రి గ్యారేజీ తలుపుకు ఇరవై ఐదు అడుగుల దూరంలో బండి నిలిపి, వెలుగు పై అంచు ఎక్కడ పడిందో తలుపు మీద టేపు అంటించి, నేల నుంచి దీపం ఎత్తు, టేపు ఎత్తు రెండూ రాసుకున్నాను. పని అయ్యాక దీపం ఎంత లేచిందో చూసి, వెలుగు అంతకు మించి లేవకుండా మరతో దించాను. టెక్సస్ చట్టం హెడ్‌లైటు నేల నుంచి 24 అంగుళాలకు తగ్గకుండా, 54కు మించకుండా ఉండాలంటుంది; రెండంగుళాల లిఫ్ట్‌తో ఆ గీత దరిదాపులకు కూడా పోము. కానీ ఎదురుగా వచ్చేవారి కళ్ళలో కొట్టే దీపం వేరే సంగతి, అది మన బాధ్యత.

ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ నడుపుతున్న మా బావగారు ఇదే కిట్ గురించి అడిగారు. భారతదేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం కుదరదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. ఆయనకు మంచి షాక్‌లు, కంపెనీ సైజు టైర్లే వేసుకోమని చెప్పాను. అమెరికాలో వారంటీ మిగిలి ఉన్న బండి యజమానులు మరోలా భయపడుతుంటారు. 1975 నాటి మ్యాగ్నసన్ మాస్ చట్టం ప్రకారం, వేరే కంపెనీ భాగం వేశారన్న ఒక్క కారణంతో డీలరు వారంటీ మొత్తం రద్దు చేయలేడు. ఆ భాగం వల్లే చెడిపోయిన దానికి మాత్రం బాధ్యత మీదే.

రెండేళ్ళ తర్వాత లెక్క ఇదీ. చక్రం నడిమి నుంచి దాని పైనున్న ఫెండర్ రేకు అంచు దాకా ముందు 19.75 అంగుళాలుండేది, వేయించిన రోజు 22.25 అయింది, ఇప్పుడు 22. పావు అంగుళం కుదురుకోవడం కొత్త స్ప్రింగుకు సహజమే. వెనుక 21.25 నుంచి 22.75కు వచ్చి అక్కడే నిలిచింది. కమ్మీల మీద చప్పుడు లేదు. పద్నాలుగు బస్తాల మేత, అంటే ఏడు వందల పౌన్లు వేసినా వెనుక కుంగిపోయి ముక్కు పైకెత్తడం లేదు. ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం వెనుక కొంచెం బిగువుగా ఉంటుంది, బరువు మోసే పట్టీలు కావాలని నేనే ఎంచుకున్నాను. పట్టీలు బలమైనవి వేసినంత మాత్రాన బండి మోయగల బరువు పెరగదని గుర్తుంచుకోవాలి. తలుపు చట్రం మీది చీటీలో ఉన్న అంకే చివరి మాట. మైలేజీ గ్యాలన్‌కు ఇరవై నుంచి పద్దెనిమిదిన్నరకు పడింది, అందులో టైర్ల వాటా ఎక్కువ. స్పీడోమీటర్ అరవై చూపినప్పుడు బండి నిజానికి అరవై రెండు దాటి పోతుంది. పోయిన నెల వానకు కాజ్‌వే దగ్గర మెట్టు మూరెడు వెడల్పున కోసుకుపోయింది. దిగి చూస్తే బంపర్ అంచుకూ నేలకూ నాలుగు వేళ్ళ సందు మిగిలింది.

కిట్ వేయించిన ఐదు వందల మైళ్ళకు యు బోల్టులు మళ్ళీ బిగించి చూసుకోవాలి. నేను వెళ్ళినప్పుడు ఎడమ వెనుక చక్రం దగ్గర రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి. అప్పటి నుంచి ఆయిల్ మార్చిన ప్రతిసారీ టార్క్ రెంచి పెట్టి చూస్తున్నాను, మళ్ళీ కదలలేదు.